బోర్లించిన గడప

ముప్పై ఒక్కేళ్లు ఈ ఊళ్లో కరెంటు మీటర్లు చదివాను.
థెస్సలోనికీలో నేను దిగని నేలమాళిగ లేదు,
నన్ను చూసి మొరగని కుక్క లేదు.
అయినా ఈ ఆదివారం ఎనిమిది యూరోలు కట్టి
పరాయివాళ్ల వెనకాల
మా ఊరు చూడ్డానికి బయల్దేరాను.
మా ఆవిడ పిండి కలుపుతూ నవ్వింది,
"సొంతూళ్లో దారి తప్పావా, లెఫ్తేరీ?"

దారి చూపే పిల్ల పేరు అరెతీ.
రేవు దగ్గర మొదలుపెట్టింది.
ఒకప్పుడు శనివారాలు ఇక్కడ మూట కదిలేది కాదంట.
హమాలీలు వాళ్లే, పడవలవాళ్లు వాళ్లే.
ఎంత పెద్ద ఓడైనా
పొద్దుగూకి మూడు చుక్కలు పొడిచేదాకా
నోరు మూసుకుని నీళ్లమీద నిలబడాల్సిందేనంట.

చెప్పుల కొట్టు ముందు ఆగి
ఇక్కడ అచ్చాఫీసు ఉండేదంది.
వాళ్లని స్పెయిన్ నుంచి తరిమితే
అక్కడి మాటని ఐదొందలేళ్లు
నిప్పు ఆరనివ్వని పొయ్యిలా కాచుకున్నారంది.
నాకు తెలిసింది ఆ కొట్టు మీటరు నంబరు ఒక్కటే.
మా నానమ్మనీ స్మిర్నా నుంచి తరిమారు.
చంకలో జల్లెడతో దిగింది ఈ రేవులోనే.
ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు నేను,
అది ఈ నడకలో లేదు.

"నువ్వూ వాళ్లమ్మాయివేనా?" ఎవరో అడిగారు.
సీసా మూత తిప్పి
నీళ్లు తాగింది.

స్వేచ్ఛ అని పేరున్న చౌకు.
జూలై ఎండలో, తొమ్మిదివేల మంది మగాళ్లని
పొద్దుట్నుంచీ నిలబెట్టారు ఇక్కడ.
కూలిన వాళ్ల మీద నీళ్లు కొట్టి మళ్లీ లేపారు.
అక్కడే ఎన్నోసార్లు కారు ఆపుకున్నాను.
నీడ లేదని విసుక్కున్నాను.

విశ్వవిద్యాలయం మెట్ల మీద పిల్లలు సిగరెట్లు కాలుస్తున్నారు.
కింద లక్షల సమాధులు.
"మరి రాళ్లు? రాళ్లన్నీ ఎటు పోయాయి?"
టోపీ కుర్రాడొకడు అడిగాడు.
"ఊళ్లోకి," అంది అరెతీ.

అంతే అంది.
నా అరికాళ్లు చల్లబడ్డాయి.

అందరూ కాఫీకి వెళ్లాక ఆమె దగ్గరికెళ్లి
అప్పు అడిగేవాడిలా గొంతు తగ్గించి
"మా ఇల్లు రెండు బస్టాపుల దూరం," అన్నాను.

యుద్ధం అయ్యాక మా నాన్న
ఒక బండి రాళ్లు కొన్నాడు.
చవగ్గా వచ్చాయని చచ్చేదాకా చెప్పుకున్నాడు.
వాటిలో నునుపైనదాన్ని పెరటి గుమ్మానికి గడప చేశాడు.
పోయిన చలికాలం గొట్టం పగిలి
దాన్ని ఎత్తితే
అడుగున, మట్టి కూరుకుపోయిన అక్షరాలు.
చదవడమే బతుకైనవాణ్ని,
ఒక్కటీ చదవలేకపోయాను.
గోనె కప్పి గోడకి ఆనించాను.

ఆమె బ్యాగు పక్కన పెట్టి మోకాళ్ల మీద కూర్చుంది.
మా ఆవిడ పిండి చేతుల్తోనే చెంబు తెచ్చింది.
కుడి నుంచి ఎడమకి
వేలు నెమ్మదిగా నడిచింది,
ఒక గుంట దగ్గర ఆగి, వెనక్కెళ్లి, మళ్లీ నడిచింది.
"బియెన్వెనీదా."

"ఊరా?"
"పేరు. మా అమ్మమ్మల కాలంలో ఆడపిల్లలకి పెట్టేవాళ్లు."
మా, అంది.
అన్నాక పెదవి కొరుక్కుంది.

"అర్థం?"
"వచ్చావా తల్లీ, మంచి పని చేశావు, అని."

డెబ్బై ఎనిమిదేళ్లు.
మేం పెళ్లి బూట్లు తుడుచుకుంది దాని వీపు మీద.
మా పిల్లలు వాన వచ్చిన ప్రతిసారీ
బురదకాళ్లతో దూకింది దాని మీదినుంచే.
ముఖం మట్టిలో పెట్టుకుని అది
ఆ ఒక్క మాటే అంటూ ఉండి ఉంటుంది.
లేదా ఏమీ అని ఉండదు, రాయి కదా.

రేపు వాళ్ల సంఘానికి ఫోన్ చెయ్యాలి.
ఏమని చెప్పాలో
కరెంటు బిల్లు వెనకాల రాసుకుని రెండుసార్లు కొట్టేశాను.
గడప లేని తలుపు కింద నుంచి
చలిగాలి వంటింట్లోకి వస్తోంది.
మా ఆవిడ ఏమీ అనదు.
ఆ ఖాళీ దగ్గరికి వచ్చేసరికి
ఇంకా అలవాటుగా
కాలు కాస్త ఎత్తి దాటుతుంది.